మెర్వ్ హాకెట్ చలి

పొద్దున ఎనిమిదయ్యేసరికి మెర్వ్ హాకెట్ టౌన్‌హాల్ తలుపును చేతికర్రతో బాదేవాడు. "నోరీన్! తియ్యి తల్లీ! నేను గడ్డకట్టి చచ్చాక తీస్తావా?"

ఆయనకు చలి. ఎప్పుడూ చలే. ఆస్ట్రేలియా కింద ఉండే టాస్మేనియాలో చలికాలం జూన్‌లో వస్తుంది; కొండల్లో ఆ మంచుకు ఎవరికైనా చలేస్తుంది. మెర్వ్‌కి జనవరి నడివేసవి ఎండకు రోడ్డు మీద తారు కరుగుతున్నా చలే. రెండు స్వెట్టర్లు, ఉన్ని టోపీ, మెడకో మఫ్లరు.

హాలు వెనక గదే ఊరి లైబ్రరీ. పదింటికి తెరవాలని నియమం. ఈ బాదుడు పడలేక లైబ్రరీ చూసుకునే నోరీన్ ఎనిమిదింటికే తెరిచి హీటరు వేసేది.

"వేశావా?"

"వేశాను."

"పెంచావా?"

"ఇంకా పెంచితే పుస్తకాలు ఉడుకుతాయి, మెర్వ్."

"ఉడకనీ. కాస్త మెత్తబడితే ఎవరైనా చదువుతారు."

తీరా గది వేడెక్కాక, "ఇక్కడ గాలి కొడుతోంది" అని గొణుగుతూ కిటికీ దగ్గరికి పోయేవాడు. హీటరు పక్కన ఖాళీ అయిన కుర్చీలో ఐరిస్ కూర్చునేది. ఆస్పత్రి లాండ్రీలో పనిచేసి రిటైరైన మనిషి. "పాపం, ముసలాయనకి తోడుండేదెవరు? అందుకే వస్తున్నా," అనేది.

అలా ఉండగా పాత రాతి హాలును బాగుచేసి, పక్కన గాజు గోడలతో కొత్త లైబ్రరీ కడతామన్నారు ఊరి కౌన్సిల్ వాళ్ళు. కాఫీ దుకాణం, మెలికల మెట్లు, మేయర్ డెస్మండ్ పేరుతో ఇత్తడి పలక. తలుపులు మాత్రం పదింటికేనట, యాత్రికులు లేచేది అప్పుడే కనక.

మెర్వ్ కౌన్సిల్ సభకు మూడు కోట్లు తొడుక్కొచ్చి లేచాడు. "గాజు గోడలా? నేను బిగుసుకుపోవడం రోడ్డున పోయేవాళ్ళు కూడా చూడాలా?"

"మీ ఇంట్లో దుప్పటి లేదా, మెర్వ్?" అన్నాడు డెస్మండ్.

"ఉంది. అదీ వణుకుతోంది."

జనం పడీపడీ నవ్వారు. తర్వాతి సభలోనూ లేచాడు. ఆ తర్వాత దాంట్లోనూ. ఆయన పళ్ళ టకటకలో ఆర్కిటెక్టు మాట ఎవరికీ వినపడలేదు. చివరికి డెస్మండ్ చేతులెత్తేశాడు.

"సరే! గుమ్మం పక్కన ఓ వెచ్చటి గది కడతాం, ఎనిమిదింటికే తెరుస్తాం. కానీ చలని మొత్తుకునేవాడు ఉన్నంతకాలమే. ఆ గోల ఆగిన రోజు గదికి తాళం."

భవనం లేచింది. పలక మెరిసింది. ఊళ్ళోకి యాత్రికులు ఇంకా ఎక్కువగా వచ్చారు, అద్దెలు ఇంకా పెరిగాయి. ఆ సంగతి పలక మీద రాయలేదు.

ఓ జూలై ఉదయం నోరీన్ కుక్కను తిప్పుతూ ఏటి ఒడ్డుకెళ్ళింది. గడ్డి మంచుతో తెల్లబడి ఉంది. నీళ్ళ మధ్య ఒక బట్టతల ఈల వేస్తూ ఈదుతోంది.

"మెర్వ్! చలెయ్యడంలా?"

"ఎక్కడ చలి, హాయిగా..." అంటూ తిరిగి, ఆమెను చూసి ముక్కుదాకా మునిగాడు.

గట్టెక్కి తువ్వాలు కప్పుకుని, ఆమె మొహం చూడకుండా చెప్పాడు. "ఐరిస్ ఉండే అద్దిల్లు ఎప్పుడో యాత్రికుల బస అయిపోయింది. కారులో పడుకుంటోంది. మా ఇంటికి రమ్మంటే తిట్టింది. అదే, ముసలాడు చలికి చస్తున్నాడంటే పరుగెత్తుకొస్తుంది. అలాంటివాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. అందరూ నన్ను కాపాడుతున్నారు."

"కౌన్సిల్ వాళ్ళకి చెప్పకపోయారా?"

"చెప్పా. ఐరిస్‌కి చలంటే దరఖాస్తు పెట్టుకోమన్నారు. నాకు చలంటే గది కట్టారు. సొంతిల్లున్నవాడి చలి కదా!"

ఆదివారం ఆదివారం చర్చిలో ఐరిస్ పక్కనే కూర్చుని, ఎక్కడుంటున్నావని ఒక్కసారీ అడగని నోరీన్ తల వంచుకుంది.

"వచ్చేవారం నాకు హోబర్ట్‌లో తుంటి ఆపరేషను," అన్నాడు మెర్వ్. "నెలల తరబడి కదలనివ్వరట. ఒక్క సాయం చెయ్యి తల్లీ. నేనొచ్చేదాకా నీకు చలెయ్యాలి."

"నాకా? చలికాలంలో కూడా ఫ్యాను వేసుకునేదాన్నని ఊరంతటికీ తెలుసు. ఎవరు నమ్ముతారు?"

"నమ్మక్కర్లేదమ్మా. డెస్మండ్‌కి విసుగు పుడితే చాలు."