తిన్నాక కొట్టండి

కృపావరం పక్కన కూర్చుని ఏ కథనూ కుదురుగా చూడలేం, వినలేం. కథలో చెడ్డవాడు కనిపిస్తే చాలు, ఆయనకు ఒకటే దిగులు: వాడు అన్నం తిన్నాడా, లేదా? వాడు ఊరు తగలబెట్టనీ, అన్నను జైలుకు పంపనీ, ఆ సంగతులన్నీ తర్వాత. ముందు తిండి సంగతి తేలాలి. ఆళ్లగడ్డలో ఈ ప్రశ్నను అందరికంటే ఎక్కువసార్లు విన్న మనిషి ఆయన భార్య దెబోరా. బడిలో టీచరు కాబట్టి ఓపిక ఉన్న మనిషే. ఆ ఓపిక బడిలోనే అయిపోయేది, అదీ చిక్కు.

పెళ్లయిన కొత్తలో ఇద్దరూ బస్సెక్కి నంద్యాలకు సినిమాకు పోయారు. హీరో విలన్ చొక్కా పట్టుకుని గోడకేసి కొడుతున్నాడు. హాలంతా ఈలలు. దెబోరా కూడా పక్కవాళ్లు చూడకుండా చిన్న ఈల వేద్దామని వేళ్లు నోటిదాకా తెచ్చుకుంది.

"మే దెబోరా, పొద్దున్నుంచి ఆయప్ప ఏమీ తిన్లేదు, చూసినావా?" అన్నాడు కృపావరం.

"ఎవురు?"

"విలనప్ప. హీరో వాళ్లమ్మ చేతి ముద్దలు తిన్యాడు, పెండ్లిలో తిన్యాడు, పాట మధ్యలో జామకాయ కూడా తిన్యాడు. ఆయప్పకు మాత్రం టీ ఇస్తే అది గూడా ఇసిరికొట్టె."

"ఆయప్ప ఇద్దర్ని చంపినాడు!"

"కొట్టొద్దన్నానా? తిన్యాక కొట్టమంటాండ."

ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. దెబోరా పైట మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ సినిమా చివర ఏమైందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

ఇంట్లో సీరియళ్ల సంగతి ఇంకా ఘోరం. దెబోరా తల్లి జీవమ్మ అవుకు నుంచి వచ్చినప్పుడల్లా, రాత్రి వంట త్వరగా ముగించి టీవీ ముందు కూర్చునేది. అందులో ఒక అత్త కోడలి పాలల్లో ఏదో కలుపుతూ ఉంటుంది. జీవమ్మ పళ్లు కొరుకుతుంది. సరిగ్గా అప్పుడు అల్లుడి గొంతు లేస్తుంది.

"అత్తా, ఆయమ్మ మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టుకుంటాంది, చూసినావా? అంత పెద్ద ఇంట్లో నూనె రాసేవాళ్లు ఒక్కరు లేరు."

"పాలల్లో విషం కలుపుతాంటే మోకాలు చూస్తావేందప్పా?"

"విషం తప్పే. మోకాలు గూడా నొప్పే గదత్తా."

జీవమ్మ మర్నాడే అవుకు బస్సెక్కేది. పోతూ పోతూ కూతురి చెవిలో, "మంచోడే గానీ, కొంచెం తేడా మే" అనేది. దెబోరా కాదనలేకపోయేది.

ఆయన పని కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టడం. రైతు మోటారును మోసుకొచ్చి దాన్ని బూతులు తిడితే, ఈయన మోటారు పక్షం. "దానికి కరెంటు సక్కగా పెట్టినావా? సగం కడుపుకు పెట్టి పూర్తి పని చెయ్యమంటే అది మాత్రం ఏం చేస్తాది?" అనేవాడు. కూతురు రెబెకాకు కోళ్లు దొంగిలించే నక్క కథ చెప్పాడు. మర్నాటి నుంచి ఆ పిల్ల తన గుడ్డు తినకుండా నక్కకని వాకిట్లో పెట్టడం మొదలుపెట్టింది. నక్క రాలేదు గానీ, వీధిలోని కుక్కలన్నీ వచ్చాయి. ఇప్పటికీ పోలేదు.

"నీ బాధేందయ్యా?" అని ఒకరోజు దెబోరా విసిగిపోయి అడిగింది. "చెడ్డోళ్లంటే ఎందుకంత ప్రేమ నీకు?"

"ప్రేమేంది? మంచోనికి పాట ఉంటాది, స్నేహితుడు ఉంటాడు, అమ్మ ఉంటాది. వాన్ని చూస్తూనే మనకు నచ్చుతాడు. చెడ్డోన్ని మాత్రం కోపంలోనే చూపిస్తారు. ఒక్కసారి ఒంటరిగా కూర్చోని అన్నం తినేది చూపీమను. వాడు చేసిన తప్పు తప్పే, మాఫీ ఏం లేదు. మనం వాన్ని చూసేది మారుతాది, అంతే."

"అయితే కథలన్నీ హోటల్లో తియ్యాల" అంది దెబోరా.

ఈ పిచ్చి అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కోతపండుగ దాకా వచ్చింది.

కోతపండుగ అంటే చర్చిలో పెద్ద సందడి. ఎవరి పంటలోంచి, ఎవరి పెరట్లోంచి వాళ్లు మొదటి ఫలం తెచ్చి అర్పిస్తారు. ప్రార్థన కాగానే వాటిని వేలం వేస్తారు. కోడిపుంజు నుంచి కొత్తిమీర కట్ట దాకా అన్నిటికీ పోటీ పడి పాడుతారు. నిరుడు దెబోరా తన పెరట్లో కాసిన గుమ్మడికాయ తెచ్చింది. వేలం మొదలవుతుండగా హన్నమ్మ లేచింది. స్త్రీల సమాజంలో పెద్దావిడ, నోరు చర్చి గంట కంటే ముందు మోగుతుంది. గుమ్మడికాయను వేలితో టకటకా కొట్టి, చెవి పెట్టి విని, అందరికీ వినపడేలా తీర్పు చెప్పింది.

"టీచరమ్మ కాయ లోపల కుళ్లింది."

ఒక్కరూ పాడలేదు. దెబోరా ఆ కాయను చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది. ఇంటికొచ్చి కోస్తే నిజంగానే కుళ్లి ఉంది. ఆమెకు అసలు మండింది అక్కడే.

ఏడాదంతా మండి, ఈ ఏటి పండుగకు ఆమె ఒక నాటకం రాసింది. అందులో సుందరమ్మ అనే గయ్యాళి ఉంటుంది. వేలానికి వచ్చిన ప్రతిదాన్నీ వేలితో కొట్టి వంకలు పెడుతుంది. చివరికి ఊరంతా కలిసి ఆమెను గేటు బయటికి నెట్టేస్తుంది. చదివిన ప్రతివాళ్లకూ సుందరమ్మ ఎవరో తెలిసిపోయింది. పాస్టరు డేనియల్ గారు మాత్రం మెల్లగా అడిగారు.

"ఎవరినీ ఉద్దేశించి కాదు గదమ్మా?"

"కాదయ్యగారూ" అంది దెబోరా, చర్చి ఆవరణలోనే నిలబడి.

సుందరమ్మ వేషం వేయడానికి ఆడవాళ్లెవరూ ఒప్పుకోలేదు. తెల్లారితే హన్నమ్మ మొహం చూడాలి గదా! చివరికి దెబోరా మొగుడి మీద పడింది. ఆయన మీసం ఒకసారి తడుముకున్నాడు.

"ఏస్తా. గానీ ఒక్క సీన్లో ఆయమ్మ అన్నం తినాల."

"కుదరదు! నా నాటకంలో ఎవరూ ఏమీ తినరు!"

"సరే" అన్నాడు కృపావరం. అంత తేలిగ్గా సరే అన్నప్పుడే ఆమె అనుమానించాల్సింది.

పండుగ మధ్యాహ్నం మీసం తీసేసి, దెబోరా చీరే కట్టుకుని, కృపావరం వేదిక ఎక్కాడు. జనం విరగబడి నవ్వారు. వేదిక మీద నిజం గుమ్మడికాయ ఒకటి ఉంది. ఈ ఏడు దెబోరా పెరట్లో కాసిందే. వేలంలో పెట్టడానికి ధైర్యం చాలక నాటకంలో పెట్టింది. కృపావరం దాన్ని టకటకా కొట్టగానే జనం గోలగోలగా ముందు వరస వైపు తిరిగారు. అక్కడ హన్నమ్మ కూర్చుని ఉంది. తల దించుకుని, చేతిగుడ్డను మెలితిప్పుతోంది. ఆమె పక్క కుర్చీ ఖాళీ. దాని పక్కదీ ఖాళీయే.

తెర చాటు నుంచి దెబోరా చూసింది. ఏడాదిగా ఎదురుచూసింది దీనికోసమే. తీరా వచ్చాక అంత బాగా లేదెందుకో ఆమెకు అర్థం కాలేదు, దాంతో ఇంకా చిరాకు పుట్టింది.

చివరి సీను వచ్చింది. సుందరమ్మను నెట్టడానికి నటులంతా చేతులు చాపారు.

"ఆగండప్పా, నెడుదురుగాని. కొంచెం తిననీండి" అన్నాడు కృపావరం.

"వద్దు!" అంది తెర చాటున దెబోరా, పళ్ల మధ్య నుంచి.

ఆయన వేదిక నడుమ చతికిలబడ్డాడు. కొంగులోంచి టిఫిన్ డబ్బా తీశాడు. అందులో సంగటి ముద్ద ఉంది. నెట్టడానికి వచ్చినవాళ్లు ఏం చేయాలో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తిన్యావా సుందరమ్మా?" అని తనను తానే అడిగాడు. "ఆఁ, తింటాండ" అని తానే జవాబు చెప్పాడు. "ఉప్పు సరిపోయిందా?" "సరిపోయిందిలే, ఎవురు చూడొచ్చినారు."

మొదట నవ్వారు. తర్వాత నవ్వు తగ్గింది. వెనకెక్కడో ఒక ముసలామె "ఒక్కతే తింటాంది, పాపం" అంది. చేతులు కట్టుకున్నవాళ్లలో ఒకడు, నాటకం మరిచిపోయి, నీళ్లు తెచ్చిపెట్టాడు.

అప్పుడు ముందు వరసలోంచి గొంతు లేచింది.

"ఏందప్పా ఆ తినేది! ఊరిబిండి లేకుండా సంగటి యెట్ల దిగుతాది? ఆడమనిషి అట్ల కాళ్లు సాపుకొని కూర్చుంటాదా?"

హన్నమ్మ లేచింది. పండుగ విందుకు వండిన గిన్నెల్లోంచి ఇంత ఊరిబిండి, అదే చెనక్కాయల పచ్చడి, ఆకులో వేసుకుని, నేరుగా వేదిక ఎక్కింది. సుందరమ్మకు వడ్డించింది. చీర కుచ్చిళ్లు సరిచేసింది. అంతలో గుమ్మడికాయ కంటబడింది. చెయ్యి ఊరుకుంటుందా! టకటకా కొట్టి, చెవి పెట్టి వింది. చర్చంతా ఊపిరి బిగబట్టింది.

"బంగారట్లాంటి కాయ! వేలంలో పెట్టకుండా నాటకంలో పెట్టినారేంది? టీచరమ్మా, యాడుండావ్? నేను పాడతాండ!"

వేలం అక్కడే మొదలైంది. నాటకం ముగింపు ఎవరికీ గుర్తు లేదు. గుమ్మడికాయ హన్నమ్మకే పోయింది. పోతూ పోతూ ఆమె దెబోరాతో, "రేపు ఇంటికి రా, కూర చేస్తా. ఒక్కదానికి ఇంత కాయ ఏం చేసుకుంటా?" అంది.

చీకటి పడకముందే ఇల్లు చేరారు. దెబోరా సంచి విసిరి, వంటింట్లో గోడకానుకుని కూర్చుంది. ఏడాది కష్టం! ముగింపు లేకుండా పోయింది. పైగా జనమంతా, "నాటకం భలే రాసినావ్ టీచరమ్మా, ఆ తినే సీను ఏం సీను!" అని మెచ్చుకున్నారు. అది మరీ దారుణం. దీపం వెయ్యలేదు. రెబెకా ఒకసారి తొంగి చూసి, నాన్న దగ్గరికే పరిగెత్తింది.

కాసేపటికి కృపావరం వచ్చాడు. మొహాన ఇంకా పౌడరు ఉంది, మీసం లేదు. లైటు వేసి, కంచంలో సంగటి పెట్టుకొచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మే దెబోరా, తిన్యావా?"

ఆమె తలెత్తింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆయన ఎవరి గురించి అడిగేవాడో ఆమెకు బాగా తెలుసు. పొద్దున్నుంచి నాటకం హడావిడిలో తను మెతుకు ముట్టలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"అంటే ఏందయ్యా? ఈ కథలో చెడ్డదాన్ని నేనా?"

కృపావరం కంచం ఆమె వైపు జరిపి, తను కొంచెం వెనక్కి జరిగాడు.

"తిన్యాక కొట్టు" అన్నాడు.

దెబోరా తిన్నది. మెతుకు మిగల్చకుండా తిన్నది. చెయ్యి కడుక్కుని వచ్చి, కొట్టింది కూడా.