పెద్దవ్వ తొక్కిన నూనె బ్రేకు

ఆ కాలంలో మోటారు కొనడమే గొప్ప. అది ఆగుతుందా లేదా అని అడగడం మర్యాద కాదు. ఆదిలాబాదులో బట్టల దుకాణం నడిపే మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, ఒక జాగీర్దారు ఇంటివాళ్లు వదిలించుకున్న పాత మోటారును కొన్నాడు. దాని బ్రేకులు తీగలతో పనిచేసేవి. పెడలు తొక్కితే తీగలు లాగాలి, అవి లాగితే చక్రాలు ఆగాలి. మా మోటారులో ఒక తీగ బిగిసేసరికి ఇంకొకటి సాగిపోయేది. అందుకని దుకాణం ఇంకా కనబడకముందే పెద్దబాపు తొక్కడం మొదలుపెట్టేవాడు. మోటారు మా దుకాణం దాటి కిరాణా కొట్టు ముందు నిలిచేది. (తన గిరాకులమేనని ఆ కొట్టాయన కొన్నాళ్లు సంబరపడ్డాడు.) చదువు ఆపి దుకాణంలో చేరిన నాకు రెండు పనులు: గుడ్డలు మడత పెట్టడం, మోటారు ఆగీ ఆగకముందే దూకి వెనక చక్రం కింద చెక్కదిమ్మ పెట్టడం. నాకు పేరొచ్చింది రెండో పనిలోనే.

ఆయన భార్య పెద్దవ్వది ఖానాపూర్ దిక్కు, మగ్గం నేసే ఇల్లు. పుట్టింటివైపు ఆమెకు మిగిలింది అక్క ఒక్కతే. అక్కడికి పోవాలంటే నిర్మల్ ఘాటు దిగాలి. ఆ తీగలను నమ్మి ఘాటు దిగే ధైర్యం పెద్దబాపుకు లేదు. ఇంట్లో మోటారు పెట్టుకుని భార్యను బస్సెక్కిస్తే బజారులో తలెత్తుకోలేనని ఆయన పట్టు. మోటారు ఎక్కడా సరిగ్గా ఆగకపోయినా, పెద్దవ్వ ప్రయాణం మాత్రం ఏళ్ల తరబడి ఆగిపోయింది. ఒక ఏడు బతుకమ్మ దగ్గరపడుతుండగా ఆమె అన్నం వడ్డిస్తూ, గొంతు పెంచకుండానే చెప్పింది.

"ఈసారి బతుకమ్మకు అక్క దగ్గరికి పోత. మోటర్ల తీస్కపోతవో, బస్సుల పంపుతవో, నువ్వే ఆలోచన జెయ్యి."

పెద్దబాపు మోటార్లు బాగుచేసే మిస్త్రీని పిలిపించాడు. వేలంలో కొన్న మిలిటరీ జీపు తుక్కు మిస్త్రీ దగ్గర ఉండేది. దాని నూనె బ్రేకులు తీసి మా మోటారుకు బిగిస్తే ఏనుగైనా ఆగుతుందన్నాడు. సరిపోని చోట అరగదీశాడు, సందున్న చోట రేకుముక్కలు పెట్టాడు, చివరికి గొట్టాల్లో నూనె పోశాడు. పెడలు తొక్కితే కాలు నేలదాకా పోయింది. గొట్టాల్లో గాలి చిక్కిందట. అది పోవాలంటే ఒకరు పెడలు తొక్కి పట్టాలి, ఒకరు చక్రం దగ్గర మర విప్పి బిగించాలి, కారే నూనెకు ఒకరు సీసా పట్టాలి. మిస్త్రీ మోటారు కిందికి దూరాడు, నేను సీసా పట్టాను. మోటారు తోలుతాను గాని, నిలబడ్డ మోటారులో కూర్చుని ఊరికే తొక్కడం తన వల్ల కాదన్నాడు పెద్దబాపు. (గోడ మీద నుంచి పక్కింటివాళ్లు చూస్తున్నారు మరి.) పెద్దవ్వ కుచ్చిళ్లు దోపుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. చిన్ననాట గుంటమగ్గం తొక్కిన కాలు అది. కాసేపటికే మిస్త్రీ చెప్పకముందే తొక్కి పట్టడం, చెప్పిన క్షణం వదలడం అలవాటు చేసుకుంది. ఇంకా మెత్తగానే ఉంది, దూదిలో కాలు పెట్టినట్టుంది అంటూ వచ్చింది. చివరి చక్రం అయ్యాక పెడలు సగంలోనే నిలిచింది.

"గట్టివడ్డది," అన్నదామె. ఆ బ్రేకులకు జరిగిన పరీక్ష అంతే.

మిస్త్రీని కూడా ఎక్కించుకుని బయలుదేరాం. ఘాటు పైన పెద్దబాపు మోటారు ఆపాడు. ఆపాలనుకున్న చోటనే ఆగింది. అలవాటు లేక ఆయనకు అదే అనుమానం తెచ్చినట్టుంది. కిందికి మెలికలు తిరిగిన రోడ్డును చాలాసేపు చూశాడు.

"అందరు దిగుండ్రి. మిస్త్రీ ఖాళీ మోటరు దించుతడు. మనం నడిచి దిగుదం."

నేను దిగాను. పెద్దవ్వ కదలలేదు.

"మోటరున్నదని ఇన్నేండ్లు బస్సెక్కనియ్యలే. ఇయ్యాల మోటర్ల కూసున్నంక నడువుమంటవా? నా కాలు తొక్కి సూసింది, నేను దిగ. నువ్వు నడిచి రా, కింద కల్సుకుందం."

పెద్దబాపు నా వైపు చూశాడు. నేను కొండల వైపు చూశాను. ఆఖరుకు స్టీరింగు మిస్త్రీకి వదిలి, వెనక ఆమె పక్కన కూర్చున్నాడు. నేనూ మళ్లీ ఎక్కాను. మిస్త్రీకి గొప్ప చూపించాలనిపించిందేమో, సగం ఘాటులో, నిట్టనిలువు వాలు మీద బ్రేకు తొక్కాడు. నేను అలవాటు కొద్దీ దూకి చక్రం దగ్గరికి పరుగెత్తాను. తీరా చూస్తే చేతిలో దిమ్మ లేదు. అది పెద్దబాపు ఒడిలో ఉంది, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. మోటారు కదలలేదు. పెద్దవ్వ తల బయటికి పెట్టింది.

"ఎక్కు బిడ్డా. అది నిలవడ్డది."

ఖానాపూర్‌లో అక్కాచెల్లెళ్లు ఏడ్చుకోవడం అయ్యాక, దేంట్లో వచ్చినవే అని అడిగింది అక్క. "మోటర్ల. బ్రేకు నేనే తొక్కిన," అన్నది పెద్దవ్వ. గడప దగ్గర చెప్పులు విడుస్తున్న పెద్దబాపు ఆ మాట విన్నాడు. కాదనలేదు.

ఆనాటి డైరీలో జీపు బ్రేకులు ఎలా బిగించారో వివరంగా రాసుకున్నాను. పెద్దవ్వ మాట ఒక్కటీ రాసుకోలేదు. ఏవి మరిచిపోతామో, ఏవి మిగులుతాయో ఆ వయసులో ఎవరికి తెలుసు? ఇప్పుడు మనవడు ఎప్పుడైనా పాత ఘాటు దారిన తీసుకుపోతాడు. వాడి కారుకు డిస్కు బ్రేకులట, కాలు ఆనిస్తే చాలట. నిజంగానే ఆగుతుంది. అయినా వాలు మీద కారు నిలవగానే నా చేయి తలుపు పిడి మీదికి పోతుంది. "ఏంది తాతా, దిగుతవా?" అంటాడు వాడు. దిగను, నిలవడ్డది గదా అంటాను.