మడతలు లెక్కపెట్టే బావగారు

బావగారికి ఉన్న జబ్బు ఒక్కటే, కంటపడిన ప్రతిదాని లోపాలూ లెక్కపెట్టడం. జేబులోంచి భూతద్దం తీసి, మడతలెన్ని, మరకలెన్ని, చిల్లులెన్ని అని చూసి, నాలుగు తరగతుల్లో ఏదో ఒకదానిలో పడేస్తారు. చెక్కుచెదరనిది, ఒక మడతది, చేతులు మారింది, బతికి బట్టకట్టింది. పక్కింటాయన కొత్త బండి కొని సంబరంగా చూపిస్తే, వెనక చక్రం పైన గీత ఉందని కనిపెట్టి ఒక మడతదని తేల్చారు. పక్కింటాయన ఆ రోజు నుంచి బండిని సందులోంచి తీసుకెళ్తున్నాడు. జ్వరం చూడవచ్చిన డాక్టరు కోటుకు సైతం, నోట్లో థర్మామీటరు ఉండగానే, మూడో తరగతని వేళ్లతో చూపించారు.

ఈ జబ్బు ఆయనకు అంటించినవి దొరల కాలపు ఆపద నోట్లు. ఎప్పుడో యుద్ధంలో నాణేల ఓడ రాక ఒక రేవు ఊరంతా చిల్లరకు అల్లాడితే, అక్కడి అధికారి పాత పటాల వెనకా, కవర్ల లోపలివైపూ అచ్చువేయించి, ఒక్కోదాని మీదా సంతకం గీకి, ఓడ వచ్చేదాకా ఇదే డబ్బు పొమ్మన్నాడు. అలాంటివి బావగారి దగ్గర రెండువందల పదకొండు ఉన్నాయి. వాటి ధ్యాసలో పడి ఆయనకు పెళ్లి చేసుకునే తీరిక దొరకలేదు. ఆల్బం తెరిస్తే ఫ్యాను ఆగాలి, కిటికీలు మూసుకోవాలి, తుమ్ము వచ్చినవాళ్లు వీధిలోకి పరుగెత్తాలి.

ఆ ఇంట్లో ఆయనకు అందరికంటే ఎక్కువ భయపడేది మరదలు, అంటే తమ్ముడి భార్య. కాపురానికి వచ్చి ఎనిమిది నెలలు. భూతద్దం వెనక ఆయన కన్ను గోలీకాయంత అయి కనబడితే ఆమెకు చేతిలో గిన్నె జారుతుంది. ఆమె పుట్టింటివారిది లాండ్రీ. పదో ఏట ఇస్త్రీపెట్టె చేతపట్టిన మనిషి. ఆయనేమో మడతలు లెక్కపెట్టే మనిషి, ఆమె మడత కనిపిస్తే చేయి ఊరుకోని మనిషి. దేవుడు ఇద్దరినీ తెచ్చి ఒకే కప్పు కింద పడేశాడు.

ఒక బుధవారం రిజిస్టరు పోస్టులో ఒక నోటు వచ్చింది. పంతొమ్మిదేళ్లుగా వెతుకుతున్న నోటు. ఆదివారం పాత నోట్లు సేకరించేవాళ్ల సంఘం అధ్యక్షుడు స్వయంగా చూడవస్తాడు, సరేనంటే ఏటా జరిగే ప్రదర్శనలో మొదటి బల్ల బావగారిది. కవరు విప్పారో లేదో ఆఫీసు నుంచి ఫోను. ఎక్కడో గోదాం కాలిందట, బీమా కంపెనీ తరఫున నష్టం అంచనా వేయాలి. ఉద్యోగం కూడా జబ్బుకు తగ్గదే దొరికింది లెండి. నోటును ముందుగది బల్ల మీదే వదిలి పరుగెత్తారు.

దుమ్ము తుడవడానికి వెళ్లిన మరదలికి ప్రాణం ఉసూరుమంది. ఎవరో ఏళ్ల తరబడి నడుముకు కట్టుకుని తిరిగినట్టుంది ఆ కాగితం. పెద్దమనిషి ముందు బావగారి పరువేం కాను? పైన తడిగుడ్డ వేసి, పట్టుబట్టలకు పెట్టే వేడి పెట్టి, ఊపిరి బిగబట్టి ఇస్త్రీ చేసింది. నోటు ఆ పూటే అచ్చయినట్టు వచ్చింది. మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ కూర్చుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర బావగారు సంఘం కబుర్లు మొదలుపెట్టారు. ఒకాయన నోటుకు ఇస్త్రీ చేశాడని పదకొండేళ్లుగా ఎవరూ పలకరించడం లేదట. "మడతలు తీసేస్తే అది దొంగ ముస్తాబు. చేసినవాడి మొహం చూడకూడదు," అన్నారు.

ఆమె కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన చేయి కడుక్కుని ముందుగదిలోకి వెళ్లారు. ఫ్యాను ఆగింది. సొరుగు తెరిచిన చప్పుడు. వంటింటి తలుపు వెనక ఆమె గోడను పట్టుకుని నిలబడింది. చాలాసేపటికి ఫ్యాను మళ్లీ తిరిగింది. ఆయన బయటికి వచ్చి మంచినీళ్లు అడిగి తాగారు. ఒక్క మాట అనలేదు.

గురువారం అనలేదు, శుక్రవారం అనలేదు. తిట్టినా బాగుండేది. ఆదివారం నలుగురి ముందూ నిలబెట్టి అడగడానికే దాచుకున్నారని ఆమెకు నమ్మకం కుదిరింది. ఇక ఈ ఇంట్లో తన మొహం ఎవరూ చూడరు. ఆయన మొదటి బల్ల తన చేతులతోనే పోయింది. చెప్పేద్దామని మూడుసార్లు ముందుగది గడప దాకా వెళ్లింది, మూడుసార్లూ కాళ్లు వెనక్కి వచ్చాయి. మొగుడికి చెబితే అతను చెవులు మూసుకున్నాడు. అన్నయ్య అడిగితే తను అబద్ధం ఆడలేడట, అందుకని అసలేమీ తెలియకుండా ఉండటమే మంచిదట.

ఆదివారం రానే వచ్చింది. అధ్యక్షుడు తెల్లటి చేతితొడుగులు వేసుకుని, నోటును వెలుతురుకు ఏటవాలుగా పట్టి, అలాగే ఆగిపోయాడు. అప్పుడే మరదలు టీ తెచ్చింది.

"దీనికి ఇస్త్రీ చేశారు. ఎవరు?"

ఆమె నోరు తెరిచింది. 

"నేనే," అన్నారు బావగారు.

"మీరా? వద్దు వద్దని పంతొమ్మిదేళ్లుగా అందరికీ చెబుతున్న మీరా?"

"చేయి ఊరుకోలేదు."

అధ్యక్షుడు అనుమానంగా చూశాడు. వేడి ఎంత పెట్టారని అడిగాడు. జన్మలో ఇస్త్రీపెట్టె ముట్టుకోని బావగారు పైకప్పు వంక చూశారు.

"పట్టుబట్టల వేడేనండీ, పైన తడిగుడ్డ వేసి," అనేసింది మరదలు. అలవాటైన నోరు, ఆగలేదు.

"అవును, అదే," అన్నారు బావగారు.

అధ్యక్షుడు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తొడుగులు విప్పి, మొదటి బల్ల సంగతి మరిచిపొమ్మని చెప్పి, టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆమెకు ఏడుపు ఆగలేదు. "మీకు ఎప్పుడు తెలిసింది బావగారూ?"

"బుధవారమే."

"మరి అడగలేదేం?"

"నువ్వు భయస్తురాలివి కదమ్మా." భూతద్దాన్ని కండువాతో తుడుస్తూ ఆయన ఇబ్బందిగా కదిలారు. "నేను లోపాలు చూసేది పారేయడానికనుకున్నావా? ఎక్కడ చిరిగిందో తెలిస్తే అక్కడ చెయ్యి పడకుండా పట్టుకోవచ్చు, అందుకు. అయినా భయపడ్డది నువ్వొక్కదానివేనా? బుధవారం నుంచి ఇవాళ్టిదాకా నువ్వు ఈ గదిలో అడుగు పెట్టలేదు. తెలియక మొహం చూడకూడదన్నానే, ఇల్లు వదిలి పోతావేమోనని నాకు నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. ఆయన కుర్చీ జరిపి, ఆల్బం తెరిచి, తన దగ్గరున్న ఒకే ఒక్క చెక్కుచెదరని నోటు చూపించారు. మచ్చుకైనా మడత లేదని మురిసిపోయారు. ఆమె వంగి చూసింది, అంచు మీదుగా వేలు గాలిలో నడిపింది, మళ్లీ చూసింది.

"ఇదీ ఇస్త్రీ చేసిందే బావగారూ. వేడి కాస్త ఎక్కువైంది, ఈ మూల మెరుస్తోంది చూడండి."

బావగారి మొహం పాలిపోయింది. భూతద్దం పెట్టి చూశారు. నిజమే, మెరుస్తోంది.

"ఎవరి దగ్గర కొన్నారు?" అంది ఆమె భయం భయంగా.

బావగారు వీధి గుమ్మం వైపు చూశారు. అధ్యక్షుడు అప్పుడే మలుపు తిరుగుతున్నాడు.