అవ్వ అరికాలు

శామీర్‌పేటలో ఒక కొత్త విల్లాకు మొన్న వెళ్ళాను, చెక్క నేల పని ఎలా కుదిరిందో చూసి చెప్పమంటే. జవహర్‌నగర్ చెత్తకుప్పల వాసన రాకుండా కిటికీలన్నీ బిగించి ఉంచారు. గుమ్మం దాటగానే లోపల మగ్గిన వార్నీషు వాసన నన్ను చెయ్యి పట్టుకొని కౌకూర్‌లోని మా ఇంటికి, నా తొమ్మిదో ఏటికి తీసుకుపోయింది. నేను చెప్పేవాటిలో సగం కోసేసి వినాలని మా చుట్టాలందరికీ తెలుసు. ఇందులోనూ కోయదగినవి ఉన్నాయి గానీ, నెత్తురు చుక్క దగ్గరికి వచ్చాక మాత్రం కోయకండి.

మా నాయిన చెక్క నేలలు నున్నగా చేసేవాడు. బొల్లారం పాత బంగళాల్లో టేకు పలకల మీద మోకాళ్ళూని, ముందు గరుకు రేగుమాలు కాయితంతో, తరవాత సన్నదానితో, చెక్క చారల వెంబడి రుద్ది, తడిగుడ్డతో దుమ్ము తీసి, వార్నీషు పూసి, అది ఆరాక లేచిన నూగును మళ్ళీ రుద్ది మళ్ళీ పూసేవాడు. ఇంటికొస్తే కనుబొమ్మల మీద టేకు పొడి, అన్నం ముద్దలో కూడా ఆ వాసనే. ఎంత చేసినా మా అవ్వ తొక్కి చూడందే పని అయినట్టు కాదు. ఆమె వయసంతా ఆ బంగళాల నేలలు తుడిచిన మనిషి, నాయినకు తల్లి. చూపు మందగించాక కాళ్ళతోనే చూసేది. కాళ్ళు కడుక్కొని, కొంగుతో తుడుచుకొని, చారల వెంట ఒకసారి, వాటికి అడ్డంగా ఒకసారి నడిచి, మూలల్లో బొటనవేలితో తడిమేది. పనివాడి చెయ్యి బద్ధకించేది అక్కడే. ఆ అరికాలికి టేకు ఏ అడవిలో పెరిగిందో, నాయిన ఆ మధ్యాహ్నం కునుకు తీశాడో లేదో కూడా తెలుస్తుందని నేను బళ్ళో చాటాను. ఇది కోసుకోవచ్చు.

ఆ ఏడు క్రిస్మస్ ముందు మా చర్చిలో బలిపీఠం ముందరి చెక్క నేల నాయిన చేతికి వచ్చింది. సంఘమంతా మోకరించే చోటు. ఏడాదికొక్క చీర కొనుక్కునే ఆడవాళ్ళ కొత్త చీర పోగు లేవకూడదు, ముసలి మోకాలికి పేడు గుచ్చుకోకూడదు. చలికి వార్నీషు ఎన్నాళ్ళకో ఆరింది. ఇంట్లో పండగ పిండివంటలు, గర్జెలు, గులాబీ పువ్వులు వేగుతుంటే, ఆ నూనె వాసన బట్టలకు పట్టించుకొని అవ్వా నేనూ వెళ్ళాము.

"ఏందవ్వా, నీ కాలు పాసు జేస్తదా, ఫెయిలా?" అన్నాడు సంఘ పెద్ద.

"నా కొడుకని ఇడిశిపెడ్తనా? సప్పుడు జేయకు," అంది అవ్వ.

అటు నడిచింది, ఇటు నడిచింది. మెట్టు పక్కన మూలలో వేలితో తడిమింది. "అద్దం లెక్కుంది కొడుకా. మస్తు జేసినవ్," అంది. నాయిన హమ్మయ్య అనుకున్నాడు.

అవ్వ వెనకే ఉన్నాను కాబట్టి నేను చూశాను. ఆ మూల నుంచి అవ్వ వేసిన ప్రతి అడుగు దగ్గరా ఒక ఎర్రని చుక్క. బొటనవేలి కింద పేడు దిగి ఉంది, అవ్వ నవ్వుతోంది. అవ్వకున్న షుగరు జబ్బు కళ్ళ తరవాత కాళ్ళనూ తినేస్తుందని నాకప్పుడు తెలియదు. ఆమెకు నొప్పి తెలియడం లేదని మాత్రం తెలిసింది. చెబితే అవ్వ మాట ఇక ఎవరూ నమ్మరు. చెప్పకపోతే ఆ మూలన ఇంకో పేడు రేపు ఎవరి మోకాలిలోనో దిగుతుంది.

ఆ చుక్కల మీద నా అరికాలు రుద్ది, కూలబడి ఏడుపు అందుకున్నాను. "నాయినా, గా మూలల కుచ్చింది!"

"గీ పోరి కథలు నమ్ముతవా?" అన్నాడు సంఘ పెద్ద. నాయిన నా కాలు తిప్పి ఎర్రదనం చూశాడు. రేగుమాలు కాయితం తీసుకొని ఆ మూలలో కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక అవ్వ గోరువెచ్చని నీళ్ళు పెట్టుకొని నా కాలు ఒడిలోకి తీసుకుంది. వేళ్ళతో అంతా తడిమింది. గాయం లేదు. ఆమె చెయ్యి ఆగిపోయింది. తరవాత తన కాలు పైకి పెట్టుకొని, తడుముకొని, పేడు లాగి తీసింది. చాలాసేపు దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది.

"నాయినకు జెప్పకు," అంది. "ఇగ నువ్వే తొక్కు బిడ్డా."

చర్చిలో ఇప్పుడు రాతి పలకలు పరిచారు. అవ్వా లేదు, నాయినా లేడు, రేగుమాలు యంత్రానికి చుట్టుకుంది. విల్లా వాళ్ళు "చెప్పులతోనే రండి మేడమ్" అన్నారు. చెప్పులు లేకుండా నడవొద్దని మా షుగరు డాక్టరూ అన్నాడు. అయినా గుమ్మం దగ్గరే విడిచాను. చారల వెంట నడిచి, అడ్డంగా నడిచి, గోడ మూలకు వచ్చేసరికి బొటనవేలి కింద సన్నగా గరుకు తగిలింది.

"ఇక్కడ మళ్ళీ రుద్దించండి," అన్నాను. వాళ్ళ ముఖాలు మాడాయి. నేను మాత్రం నా కాలికింకా తెలుస్తున్న ఆ గరుకు మీదే కాలు ఆనించి ఇంకాసేపు నిలబడ్డాను.