గంగలో పడని వియ్యపురాలు

నీళ్లలో దిగి మునిగినవాళ్లను మీరు చూసే ఉంటారు. నీళ్లకు ఆమడ దూరంలో, పొడి చీరలతో, మంచం మీద కూర్చుని ఇద్దరు ఆడవాళ్లు ఎలా మునిగిపోయారో తెలియాలంటే మాత్రం నా కథే వినాలి.

చెబుతున్నది నేను, రాస్తున్నది నా కూతురు పద్మ. నాకు అక్షరాలతో పెద్ద చుట్టరికం లేదు. నా పేరు నేను రాస్తే, అది నా పేరేనని పక్కన నిలబడి చెప్పుకోవాల్సి వస్తుంది. పద్మకు చదువుంది కానీ, వాళ్ల అత్తగారి ప్రస్తావన వచ్చిన చోటల్లా కలం ఆపి నా మొహం చూస్తోంది. "రాయవే, ఉన్నదే గద చెప్తున్న!" అని గదమాయిస్తూ ముందుకు తోస్తున్నాను. ఎక్కడైనా ఒక ముక్క తగ్గితే ఆ తప్పు పద్మది.

మాది మానవపాడు పక్క. మా ఆయన బతికున్నన్నాళ్లు బస్సులో కిటికీ సీటు ఆయనదే. బీడీ పొగ బయటికి పోవాలి కదా! మా ఊరి నుంచి గద్వాల దాకా రోడ్డు పక్కన ఏమేం ఉన్నాయో ఆయన భుజం మీదుగా కనిపించినంతే నాకు తెలుసు. ఆయన పోయాక కొన్నేళ్లకు నాకు కాశీ, హరిద్వారం చూడాలనే కోరిక పుట్టింది. పుణ్యం ఒక కారణం, కిటికీ సీటు ఇంకో కారణం. దేవుడికి మొదటిదే చెప్పాను.

పద్మను వీపనగండ్లకు ఇచ్చిన కొత్త. నా ప్రయాణం సంగతి తెలిసి ఆమె అత్త, అంటే నా వియ్యపురాలు బుచ్చమ్మ వదిన, "నేను గూడ వస్త" అని మూట కట్టుకుంది. మంచిదే అనుకున్నాను. ఆమెకూ కిటికీ సీటంటే ప్రాణమని అప్పుడు నాకు తెలియదు. పిల్లనిచ్చేటప్పుడు ఇల్లు చూస్తాం, పొలం చూస్తాం, బస్సులో ఎక్కడ కూర్చుంటారో ఎవరడుగుతారు?

గద్వాలలో ఖాజా భాయ్ అని యాత్రల బస్సు నడిపేవాడు. బయల్దేరే రోజు అందరినీ నిలబెట్టి చెప్పాడు.

"అమ్మల్లారా, జర ఇనుండ్రి. టికెట్టుతోని ఇన్సూరెన్సు గూడ ఉన్నది. తొవ్వల కాలు జారినా, బస్సు దేనికన్న గుద్దినా దవాఖాన ఖర్చు కంపెనీదే. కానీ ఆటలు, సాహసాలు దాంట్ల రావు. రబ్బరు పడవలల్ల ఉరుకుడు, తాడు పట్కొని కొండలెక్కుడు, గాల్లకు ఎగురుడు, పందాలు పెట్టుకునుడు, గిసుంటివాటికి పైసలు వేరే కట్టాలె. ఎవరన్న కడ్తరా?"

"ఓ ఖాజా భాయ్, మా మోకాళ్లకు బస్సు మెట్లెక్కుడే సాహసం! గాల్లకు ఎగురుతమా?" అన్నాను.

"మా వదిన ఎగురది, మాటలే ఎగుర్తయి," అంది బుచ్చమ్మ వదిన.

బస్సంతా నవ్వింది. ఆ నవ్వులో ఖాజా భాయ్ చెప్పినదంతా కొట్టుకుపోయింది. నిజం చెప్పాలంటే అసలు విననే లేదు నేను. నా కళ్లు కిటికీ మీద ఉన్నాయి.

ఇక్కడ మా పాలమూరు చట్టం ఒకటి మీకు చెప్పాలి. ఏ పుస్తకంలోనూ లేదు, ఏ కోర్టూ కొట్టేయలేదు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాల విసిరితే, అది ఏ సీటులో పడితే ఆ సీటు నీది. తర్వాత తాసీల్దారు వచ్చినా నిలబడాల్సిందే. యాత్ర పొడుగునా నేనూ వదినా ఈ చట్టం మీదే బతికాం. ఒక ఊళ్లో నా తువ్వాల ముందు పడేది, ఇంకో ఊళ్లో ఆమెది. గుళ్లో చేతులు జోడించి నిలబడి కూడా ఒకరి కాళ్లను ఒకరం కనిపెట్టి చూసుకునేవాళ్లం, ఎవరు ముందు బయటికి కదులుతారోనని.

రిషీకేశంలో గంగ ఒడ్డున నిలబడ్డాం. పట్నం పిల్లలు రబ్బరు పడవల్లో కూర్చుని, నీళ్లు ఎగరేస్తుంటే కేకలు పెడుతూ పోతున్నారు.

"పైసలిచ్చి సచ్చుడేంది వదినా?" అని బుచ్చమ్మ వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈమెకు నీళ్లంటే ఎంత భయమంటే, కృష్ణ దగ్గర కూడా ఒడ్డున కూర్చుని చెంబుతో పోసుకుంటుంది, అదీ ఒకరి చెయ్యి పట్టుకుని.

"మనం పుట్టిల మేకలను పెట్టుకొని కృష్ణ దాటలేదా? గిదేం పెద్ద పని!" అన్నాను, మా గుండ్రటి బుట్టపడవను తలుచుకుని.

అంతలో ఖాజా భాయ్ హారన్ కొట్టించాడు. నేను కిటికీ వైపు, ఆమె తలుపు వైపు ఉరికాం. తువ్వాల విసిరాను. సరిగ్గా సీటు మీద పడింది. "పడ్డది వదినా, ఇగ ఆగు!" అని అరిచాను. ఆగితే ఆమె బుచ్చమ్మ వదిన ఎందుకవుతుంది? తడి కాలితో మెట్టు మీద ఎగిరి అడుగేసింది. తువ్వాల పడ్డ చప్పుడు నాకే వినిపించలేదు కానీ, వదిన పడ్డ చప్పుడు గంగ అవతలి ఒడ్డుకు వినిపించి ఉంటుంది.

మడమ పైన ఎముక విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు. ఎస్టీడీ బూత్ నుంచి అల్లుడికి ఫోన్ చేయాల్సిన పని నా నెత్తిన పడింది.

"అత్తా, మా అమ్మ కాలు ఎట్ల ఇరిగింది?" అన్నాడు అల్లుడు శేఖర్.

మీరే చెప్పండి, నేనేమనాలి? సీటు కోసం మీ అమ్మను ఉరికించి కాలు విరగ్గొట్టానంటే, నా బిడ్డ ఆ ఇంట్లో ముద్ద నోట పెట్టుకునే ముందు రోజూ ఆ మాట మింగాలి. ఎదురుగా గంగ కనిపించింది.

"మీ అమ్మ దేవత నాయినా! రబ్బరు పడవల పోతుంటే ఒక పిల్ల నీళ్లల్ల పడబోయింది. మీ అమ్మ ఎగిరి పట్కున్నది. పిల్ల బతికింది, మీ అమ్మ కాలు బండకు తగిలింది!"

"మా అమ్మనా? పడవలనా?" అని అరిచాడు. "మా అమ్మ పుట్టిని దూరం నుంచి చూసినా కండ్లు మూస్కుంటది గదత్తా!"

"గంగ మహిమ నాయినా!" అని ఫోన్ పెట్టేశాను.

దవాఖాన మంచం మీదున్న వదినకు సంగతి చెప్పి చేతులు పట్టుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె మాత్రం, "మంచిగనే జెప్పినవ్ వదినా. సీటు కోసం పడ్డదంటే నా ఇజ్జత్ ఏం గావాలె? కానీ ఒక్క పిల్లనే ఎందుకన్నవ్, ఇద్దరని జెప్పరాదు?" అంది. ఖాజా భాయ్‌ని కూడా బతిమాలాను: "ఇది మా వియ్యపురాళ్ల ఇంటి సంగతి భాయ్, నోరిప్పకు." ఆయన తల పట్టుకుని సరేనన్నాడు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది మరీ అతికిపోయింది, తర్వాత గీకినా రాలేదు. వీపనగండ్ల చేరేసరికి ఊరు ఊరంతా వదినను చూడటానికి వచ్చింది. నేను కూడా సాయానికని అక్కడే ఆగాను, అంటే కథ తప్పిపోకుండా కాపలాకు. ఒక్కొక్కరు వచ్చి పోయేకొద్దీ గంగ లోతు పెరిగింది. ముందు ఒక పిల్ల, తర్వాత ఇద్దరు. పాలు పోసే ఆమె వచ్చేసరికి ఒక ముసలాయన కూడా పడవలోంచి పడి, వదిన చేతుల మీదుగానే ఒడ్డుకు చేరాడు.

ఇంతవరకూ నవ్వులాటే. కానీ దవాఖానకు కట్టింది అల్లుడు కొత్త బోరు మోటారు కోసం దాచుకున్న పైసలు. పాత మోటారు కాలిపోయి, వేరుశనగ చేను వాడుముఖం పట్టింది. ఇన్సూరెన్సు వస్తేనే మోటారు, మోటారు వస్తేనే పంట. అల్లుడు పొద్దునా సాయంత్రం చేను గట్టు మీద నిలబడి వస్తున్నాడు.

ఒకరోజు ఖాజా భాయ్ వెంట కంపెనీ సారు వచ్చాడు. చిన్న వయసు, మెత్తటి మాట. చాప మీద కూర్చుని, "ఎట్ల జరిగిందమ్మా?" అని అడిగాడు.

అడగడమే ఆలస్యం, బుచ్చమ్మ వదిన మంచం మీద లేచి కూర్చుంది. గంగ పొంగింది. పడవ లేచింది. పిల్లలు పడ్డారు. ముసలాయన "తల్లీ!" అన్నాడు. ఖాజా భాయ్ నోరు తెరవబోతే నేను కళ్లు ఉరిమి మూయించాను.

"తెడ్డు గూడ నేనే ఏసిన సారూ!" అని వదిన ముగించింది.

"అవ్ సారూ, నా కండ్లతోని చూసిన!" అని నేనూ ఒక తెడ్డు వేశాను.

సారు మొహం చిన్నబోయింది. "మంచి పని చేసినవమ్మా. కానీ నేనేం చెయ్యలేను. గట్ల నది ఉరుకులల్ల పడవెక్కితే సాహసం లెక్క. మీరు దానికి వేరే పైసలు కట్టలేదు. మామూలుగ కాలు జారితే మొత్తం వచ్చేది."

అల్లుడు గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. తలుపు దగ్గర పద్మ నా వైపే చూస్తోంది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తీసిన గోతిలో కట్టుకాలి వియ్యపురాలు, అల్లుడు, వేరుశనగ చేను అందరూ పడ్డారు. నేనొక్కదాన్నే ఒడ్డున ఉన్నాను.

"సారూ," అన్నాను, "గంగ లేదు, పడవ లేదు. మల్దకల్ తిమ్మప్ప మీద ఒట్టు. బస్సు మెట్టు మీద జారింది. కిటికీ సీటు కోసం మేమిద్దరం ఉరికినం. నా బిడ్డ సంసారానికి భయపడి నేనే కథ కట్టిన."

అల్లుడు నోరు తెరిచాడు. అప్పుడే పాలు తెచ్చి గుమ్మంలో నిలబడ్డ పాలు పోసే ఆమె, "మరి ముసలాయన?" అంది.

ఖాజా భాయ్ ఒక్కసారిగా ఊపిరి వదిలాడు. "అల్లా! గిప్పటికి నా కడుపుబ్బరం తగ్గింది. నిజమే సార్, నా కండ్ల ముందటనే పడ్డది. యాత్ర పొడుగునా ఈళ్ల లడాయి జూసి పరేషాన్ అయిన."

సారు మాత్రం నుదురు ముడిచాడు. "ఇద్దరు ఉరికిన్రా? ఎవరు ముందు ఎక్కుతరని? అట్లయితే పందెం పెట్టుకున్నట్టే గదమ్మా! పందాలు గూడ మామూలు దాంట్ల రావు."

అబద్ధం చెబితే సాహసం, నిజం చెబితే పందెం! ఇంకెక్కడ పడమంటారు మమ్మల్ని?

అప్పుడు బుచ్చమ్మ వదిన గొంతు సవరించుకుంది. ఆ మనిషి జీవితంలో ఓడినట్టు ఒప్పుకోవడం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

"పందెం ఏడిది సారూ? నేను మెట్టెక్కకముందే మా వదిన తువ్వాల సీట్ల పడ్డది. తువ్వాల పడ్డంక ఇంకేం పందెం? సీటు ఆమెదే. నేను ఉత్తగనే బస్సెక్కుతున్న, కాలు జారింది."

సారు ఆమెను చూశాడు, నన్ను చూశాడు, ఫక్కున నవ్వాడు.

"మాది నాగర్‌కర్నూలే అమ్మా. తువ్వాల పడ్డంక సీటు కోసం మా నాయిన గూడ కొట్లాడడు. మామూలు జారుడే. రాస్త."

పైసలు వచ్చాయి. మోటారు వచ్చింది. చేను తేరుకుంది. పద్మను ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. వదిన మాత్రం నన్ను వంద అంది. ఆమె చేతులతో ఒడ్డుకు చేరిన ముసలాయనను పోగొట్టుకున్న బాధ అది, అనుభవించాల్సిందే.

నేను మా ఊరికి బయల్దేరిన రోజు వదిన మంచం మీది నుంచే అల్లుడిని కేకేసింది. "ఒరే శేఖర్, మీ అత్త నడిచొచ్చేవరకు బస్సు నిండుతది. ముందుగాల ఉరికి తువ్వాల ఎయ్యి పో. కిటికీ పక్కకు!"

బస్సెక్కి చూస్తే కిటికీ సీట్లో వదిన తువ్వాలే ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, గద్వాల దాకా దారి పక్కన ఏమేం ఉన్నాయో అన్నీ చూశాను. అంత కొట్లాడేందుకు పెద్దగా ఏమీ లేవు కానీ, అన్నీ చూశాను.

ఇక నా ఒట్టు వినండి. పద్మా, ఇది పెద్ద అక్షరాలతో రాయి. ఈ జన్మలో ఎవరి కాలు ఎలా విరిగినా, విరిగినట్టే చెబుతాను, చుక్క నీళ్లు కూడా కలపను. గంగను అసలే కలపను. తువ్వాల విసరడం మాత్రం మానను. అది పందెమూ కాదు, సాహసమూ కాదు. కంపెనీ వాళ్లే ఒప్పుకున్నారు.