మిరప పాటలో పిల్ల

జానీబీకి పాటలంటే పగేమీ లేదు. నల్లపాడు దగ్గర మిర్చి షెడ్డులో ముప్పై ఏళ్ళుగా కాయలకు తొడిమలు తీస్తోంది. పాట లేకపోతే ఆ ఘాటులో రోజు గడవదు. ఆమెకు ఒళ్ళు మండింది ఒక్క పాటకే. మిరప కళ్లంలో ఎవరో అందాల పిల్ల తన మెత్తని అరచేత్తో పాటగాడి కన్నీళ్ళు తుడిచిందట. కోట్లమంది ఫోన్లలో విన్నారట. ఇంతకీ ఆ పిల్లెవరని గుంటూరంతా తిండి మానేసి ఆలోచిస్తోందట.

“పిల్లా? నా మొహం!” అనుకుంది జానీబీ.

పాటగాడు చైతన్యకృష్ణ పర్చూరు రైతు కొడుకు. పన్నెండేళ్ళ క్రితం బ్రాడీపేటలో కోచింగ్ చదివి పరీక్ష తప్పాడు. తండ్రి కాయల బస్తాలు దించడానికి వస్తే వెంట ఈ షెడ్డుకే వచ్చి, బస్తాల మీద కూర్చుని ఏడ్చాడు. ఏడిస్తే ఏడ్చాడు, కాయలు కెలికిన చేత్తో కళ్ళు నులుముకున్నాడు. ఇక అది ఏడుపు కాదు, పెడబొబ్బలు. జానీబీయే వాణ్ణి కుళాయి కిందికి ఈడ్చి, నీళ్ళు కొట్టి, మోచేతి మడతతో మొహం తుడిచింది. వాడి తెలివికి తగ్గ తిట్లన్నీ తిట్టి, తన డబ్బాలో అన్నం సగం పెట్టింది. “పిన్నీ, పిన్నీ” అంటూ వాడు సాయంత్రం దాకా ఆమెను వదల్లేదు. అప్పటికే ఆమెకు నలభై దాటాయి.

అరచెయ్యట! తొడిమలు తీసే ఆడది అరచేత్తో కన్నబిడ్డ మొహం కూడా తాకదు. సబ్బుతో రెండుసార్లు కడిగినా ఆ మంట పోదు.

“టీవీ వాళ్ళకి చెప్పొచ్చుగా అత్తా?” అంది కోడలు నజ్మీన్.

“నేను చెప్పేదేంటే? తిన్నవాడు చెప్పాలి.”

నిజానికి జానీబీకి ఆశ ఉంది. ముప్పై ఏళ్ళలో ఆమె పేరు ఎవరూ గట్టిగా పలకలేదు. నలుగురిలో వాడొక్కసారి ‘ఈ పిన్నే’ అంటే చాలు. ఆ ఆశకు తనలో తానే సిగ్గుపడుతూ, బ్రాడీపేటలో వాడికి సన్మానం చేసే రోజు ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది.

వేదిక మీద అలంకారానికి ఎర్రటి కాయలు కుప్ప పోశారు. ఆ పిల్లను నేనేనంటూ ఇద్దరు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. ఒకామెది బ్యూటీ పార్లరు, ఇంకొకామె డాన్సు టీచరు. “ఈ చేత్తోనే తుడిచాను” అంటూ గోరింటాకు చేతులు చూపించారు. జానీబీకి నవ్వాగలేదు. ఆ నవ్వు విని చైతన్యకృష్ణ అటు చూశాడు. గుర్తుపట్టాడు. గబుక్కున తల తిప్పేసుకున్నాడు.

“ఆమె ఎవరో నా గుండెకే తెలియాలి. అది రహస్యంగానే ఉండనివ్వండి,” అన్నాడు.

హాలంతా చప్పట్లు. వాడికి పెట్టిన అన్నం గుర్తొచ్చి జానీబీకి అవమానమనిపించింది. వెళ్ళిపోదామని లేచింది.

అంతలో ఫొటోల కోసం ఆ మహానుభావుడు కాయలు దోసిళ్ళతో ఎత్తాడు. గుప్పిట్లో నలిపి వాసన చూసి, “మా నేల వాసన!” అన్నాడు. గొంతు వణికించాడు. నల్లకళ్ళజోడు తీసి, కెమెరాలు చూస్తుండగా కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చేత్తోనే. పేరుకి రైతు కొడుకు!

కేక పైకప్పుకి తగిలింది. చీరలు పాడవుతాయని గోరింటాకు చేతులు రెండూ వెనక్కి జరిగాయి. చొక్కాకు తగిలించిన మైకు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

“జానీబీ పిన్నీ! నీళ్ళు! జానీబీ పిన్నీ, ఎక్కడున్నావు?”

జానీబీ తొందరేమీ లేకుండా మెట్లెక్కింది. బల్ల మీది నీళ్ళ సీసాలన్నీ వాడి మొహాన కుమ్మరించింది.

“అప్పుడు చెప్పింది ఏ గాడిదకిరా? చేతులు కళ్ళ దగ్గరికి తీసుకెళ్ళొద్దన్నానా లేదా?” అంటూ మోచేతి మడతతో తుడిచింది.

వాడు కళ్ళు తెరవలేక ఆ మోచెయ్యి పట్టుకుని, “ఉండు పిన్నీ, అది నువ్వేనని అందరికీ చెప్తాను,” అన్నాడు.

“ఇందాక చెప్పాల్సింది, కళ్ళు కనపడేటప్పుడు.”

చెయ్యి విడిపించుకుని, షెడ్డుకి వేళవుతోందని ఆమె ఆటో ఎక్కేసింది.