వైస్‌లో నొక్కిన రూపాయి

ఇల్లందులో వంకర రూపాయి ఎవరి చేతికి వచ్చినా ఒకసారి ఆంథోని గుమ్మం ఎక్కి దిగాల్సిందే. బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టరు ఆయన. టంకశాలలో తప్పుగా అచ్చుపడ్డ బిళ్లలంటే ప్రాణం. పట్టాల మీద నలిగిందేదో, సుత్తి దెబ్బ తిన్నదేదో, పుట్టుకతోనే తప్పుగా వచ్చిందేదో ఇట్టే తేల్చేవాడు. "మంచి రూపాయలకు మా ఇంట్ల మర్యాద లేదు" అని భార్య లిదియా దెప్పేది.

పక్క బెంచీ మీద పనిచేసే లాల్‌సింగ్ తండా మనిషి, పెద్దగా మాట్లాడడు. ఒకరి టిఫిను ఒకరు తినే దోస్తులు వాళ్లు. 2004లో ఒకనాడు టీ వేళ లాల్‌సింగ్ ఒక రూపాయి తెచ్చి ఆంథోని చేతిలో పెట్టాడు. అంకె ఉండాల్సిన వైపు సింహాల బొమ్మ అద్దంలోలా తిరగబడి, లోపలికి గుంటగా దిగి ఉంది.

ఆ వర్క్‌షాపు కుర్రకారుకు ఒక పాడు సరదా ఉండేది. రెండు బిళ్లలు కలిపి, బెంచీకి బిగించిన వైస్ ఇనుప దవడల మధ్య నొక్కి, ఒకదాని బొమ్మ ఇంకోదాని మీద దింపి జనాన్ని ఏడిపించేవాళ్లు. ఆంథోని కూడా ఒకసారి బోల్తా పడ్డాడు. ఆ మంట చల్లారలేదేమో, బిళ్ల రెండో వైపు చూడకుండానే పదిమందిలో నవ్వేశాడు.

"వైస్‌ల నొక్కి నాకే తెచ్చినవా బావా?"

"నేను నొక్కలే. జీతం పైసలల్ల వచ్చింది."

"అందరు గట్లనే అంటరు."

ఆ రోజు నుంచి లాల్‌సింగ్ పేరు వైస్‌సింగ్ అయింది. అతను టిఫిను పట్టుకుని వేరే చోట కూర్చోవడం మొదలుపెట్టాడు. తప్పు చేసినవాడే రావాలని ఆంథోని భీష్మించుకున్నాడు, మహా న్యాయమూర్తి మరి. అతను రాలేదు, ఈయన పోలేదు.

నాలుగేళ్లకు లాల్‌సింగ్ దమ్ము రోగంతో పోయాడు. ఆంథోని తండాకు వెళితే, లాల్‌సింగ్ భార్య సక్రి కొంగు ముడి విప్పి, అతను దాచుకున్న ఆ రూపాయి ఇచ్చింది. ఇప్పుడు తిప్పి చూశాడు. వైస్‌లో నొక్కితే ఈ వైపు సింహాలు చితికిపోవాలి. కొత్త బిళ్ల మీద ఉన్నట్టే నిక్కచ్చిగా ఉన్నాయి. గుంట పడ్డ వైపు అంకె జాడే లేదు. టంకశాలలో ముందు అచ్చయిన బిళ్ల అచ్చుదిమ్మకే అతుక్కుపోయి, దాని బొమ్మే దీని మీద పడింది. టంకశాల తప్పే. ఇలాంటి దాని కోసమే ఆయన జన్మంతా వెతికాడు.

"మా ఆయన నొక్కిండా అన్నా?"

"లేదు చెల్లె. ఇది అసలుదే. నేనే సరిగ చూడలే."

సక్రి రూపాయి తీసుకుని మళ్లీ కొంగున ముడేసుకుంది.

"నాకు ఎప్పుడో తెల్సన్నా. ఆయన ఉన్నప్పుడు ఆయనకు చెప్పకపోతివి."